ఒక్క ముఖము, ఇద్దరు మనుష్యులు

కవలపిల్లలను కన్న తలిదండ్రులను లోకము రెండు ప్రశ్నలడుగును. "వీళ్ళిద్దరిలో పెద్దవాడెవడు?" అనునది మొదటిది; "మీకు గుర్తెట్లా తెలుస్తుందండీ?" అనునది రెండవది. మొదటిదానికి నిమిషముల లెక్కతో సమాధానము చెప్పి ముగింపవచ్చును. రెండవదానికి సమాధానము చెప్పుట అంత సులభము కాదు. తల్లికి గుర్తు తెలియును. అందు ఆమెకు లేశమైనను సందేహము లేదు. కాని యేమి చూచి గుర్తుపట్టుచున్నావని నిలదీసి యడిగినచో, చెవి క్రిందనున్న పుట్టుమచ్చను చూపి ఊరకుండునే గాని, ఆ పుట్టుమచ్చ కానరాని దూరమున, వీపు త్రిప్పి పరుగెత్తుచున్న బిడ్డను సైతము తాను పేరు పెట్టి పిలువగలుగుటకు కారణమేమో చెప్పజాలదు. ఇంత తెలిసిన తల్లియే, కొన్నియేండ్ల క్రిందటి ఛాయాచిత్రమొకటి చేతికిచ్చినచో, అందు ఎడమప్రక్కనున్న బిడ్డ యెవరో తేల్చుకొనలేక క్షణకాలము తడబడును. ఎదుట తిరుగునప్పుడు స్పష్టముగా ఇద్దరైనవారు కాగితముపై చేరగానే ఒక్కరుగా కలిసిపోవుటకు హేతువేమి? అసలు వారిని ఇద్దరిని చేయునదేమి?

ఈ ప్రశ్న హైదరాబాదు నగరమున జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతములకు చెందినంతగా మరియొక చోటికి చెందదు. దాదాపు 250 కోట్ల సంవత్సరముల వయస్సుగల గ్రానైటు శిలల నడుమ వెలసిన ఈ పేటలలో ముఖమే జీవనాధారమైనవారు అసంఖ్యాకులు. ఒకే ముఖముతో ఇద్దరు మనుష్యులను సృష్టించుట యెట్లో తెలిసినవారు, ఒకని స్థానమున మరియొకనిని నిలిపి ప్రేక్షకుని నమ్మించుట యెట్లో తెలిసినవారు ఇచట ప్రతి వీధిలోను కలరు. ప్రకృతి కవలల విషయమున చేయు పనియు, చిత్రసీమ ద్విపాత్రాభినయమున చేయు పనియు ఒకదాని కొకటి సరిగా విలోమములు. కావున తమ కవలలను ఛాయాచిత్రములలో బంధింపగోరు తలిదండ్రులు మొదట ఈ వీధులలోని పాఠమును నేర్చుకొని, తరువాత ప్రయోగశాలలోనికి పోవుట మేలు.

ఒకనిని ఇద్దరిని చేసిన విద్య

1964వ సంవత్సరమున దగ్గుబాటి రామానాయుడు సురేశ్ ప్రొడక్షన్స్ సంస్థ పక్షమున నిర్మించిన తొలి చిత్రము 'రాముడు భీముడు'. డి.వి. నరసరాజు రచనకు తాపీ చాణక్య దర్శకత్వము వహించిన ఆ చిత్రమున నందమూరి తారక రామారావు, చిన్ననాడే విడిపోయిన కవల సోదరులుగా రెండు పాత్రలు ధరించిరి. ట్రిక్ ఫోటోగ్రఫీలో దిట్టయని పేరొందిన రవికాంత్ నగాయిచ్ ఆ చిత్రమునకు ఛాయాగ్రాహకులు. మరుసటి యేటనే ఆ కథ ఎం.జి. రామచంద్రన్ నాయకుడుగా తమిళమునకును, 1967లో దిలీప్ కుమార్ నాయకుడుగా హిందీకిని తరలిపోయెను. ఆనాడు తెలుగు చిత్రపరిశ్రమ మదరాసున నుండెను. ఆ విజయముతో నిలద్రొక్కుకొన్న నిర్మాతయే తరువాతి కాలమున ఫిల్మ్ నగర్ కొండపై రామానాయుడు స్టూడియోను నెలకొల్పెను.

ఆ కాలమున చిత్రసీమకు గణకయంత్రముల సాయము లేదు. ఒకే నటుడు ఒకే తెరపై తనకెదురుగా తాను నిలిచి మాటలాడవలెనన్నచో, ఛాయాగ్రాహకుడు కెమెరాను వెంట్రుకవాసియైనను కదలకుండ బిగించి, కటకము ముందు నల్లని అట్టతో కుడిసగమును మూసి, నటుని ఎడమప్రక్క నిలిపి దృశ్యమును గ్రహించును. పిదప అదే ఫిలిమును వెనుకకు చుట్టి, ఈసారి ఎడమసగమును మూసి, వేషము మార్చుకొని వచ్చిన అదే నటుని కుడిప్రక్క నిలిపి తిరిగి గ్రహించును. చిత్రసీమలో దీనిని మాస్క్ షాట్ అందురు. రెండు సగములు కలియు గీత తలుపు అంచుననో స్తంభము నీడననో దాగవలెను. రెండుమారులును వెలుతురు ఒక్కతీరున నుండవలెను. నటుడు తనకెదురుగా ఎవరును లేని శూన్యమును చూచుచు, అచట తమ్ముడు నిలిచియున్నట్లు కన్నులు నిలుపవలెను. భుజము మీదుగా తీయు దృశ్యములలో వీపు చూపుటకు డూప్ ఒకడు కావలెను. ఈనాడు గ్రీన్ మ్యాట్‌తోను సి.జి.తోను ఈ శ్రమ చాలవరకు తగ్గినది గాని, మూలసూత్రము మారలేదు.

ఇంత చేసినను చిక్కు సగమే తీరినది. తెరపై రెండు దేహములు కనబడును గాని, ఇద్దరు మనుష్యులు కనబడుట అంతటితో సిద్ధింపదు. ముఖము ఒక్కటే యైనప్పుడు ఈతడు రాముడు, ఆతడు భీముడు అని ప్రేక్షకుడు దేనినిబట్టి గుర్తింపవలెను? నటుని భుజములు ముడుచుకొని యున్నవా, విచ్చుకొని యున్నవా అనుదానిని బట్టి. చూపు ఎదుటివాని కన్నులలో నిలుచునా, నేలకు జారునా అనుదానిని బట్టి. మాటకును మాటకును నడుమ ఎంత యెడము ఇచ్చుచున్నాడు, గుమ్మము దాటునప్పుడు అడుగెట్లు వేయుచున్నాడు అనుదానిని బట్టి. పిరికియైన రాముడును, దుడుకైన భీముడును వేషములో గాక నడవడిలో వేరైరి. ముఖమున గాక ముఖము కదలు తీరులో మనిషి యుండునని నటులు అభ్యాసముచే గ్రహించిన ఈ సత్యమును, వీపు త్రిప్పి పరుగెత్తు బిడ్డను పేరు పెట్టి పిలుచు తల్లి అభ్యాసము లేకయే గ్రహించినది.

ఒక్క అండము రెండగుట

ఇక ప్రకృతి చేయు పనిని చూతము. కవలలు రెండు విధములవారు. తల్లి గర్భమున ఒకేమారు రెండు అండములు విడుదలయై, రెండును వేర్వేరు శుక్రకణములతో కలిసినచో పుట్టు పిల్లలు భిన్నాండ కవలలు. వీరు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు ఎంత పోలియుందురో అంతయే పోలియుందురు. వారి జన్యుభేదములలో సగటున సగము మాత్రమే ఉభయులకును సామాన్యము. ఒకరు మగపిల్లవాడు, మరియొకరు ఆడపిల్ల కావచ్చును. ఒకే అండము ఒకే శుక్రకణముతో కలిసి పిండముగా పెరుగుచు, తొలిదినములలో రెండుగా చీలినచో పుట్టు పిల్లలు ఏకాండ కవలలు. చూపరులను భ్రమింపజేయు పోలిక వీరిది.

ఆ చీలిక యేనాడు జరిగినదను విషయము పిల్లల గర్భవాసమును నిర్ణయించును. మొదటి మూడు దినములలో చీలినచో ఇద్దరికిని వేర్వేరు మాయలు, వేర్వేరు ఉమ్మనీటి సంచులు ఏర్పడును. నాలుగవ దినము మొదలు ఎనిమిదవ దినము వరకు చీలినచో మాయ ఒక్కటే, సంచులు రెండు. ఏకాండ కవలలలో అధికసంఖ్యాకులు ఈ తెగకు చెందినవారు. ఆపైని మరికొన్ని దినములకు చీలినచో ఒకే సంచిలో ఇద్దరును పెరుగుదురు. రెండు వారములు సమీపించిన పిదప ఆరంభమైన చీలిక పూర్తి కాక, దేహములు కలిసిన అవిభక్త కవలలు జన్మింతురు.

లోకమున ప్రసవము లన్నిటిలో ఏకాండ కవలల ప్రసవములు వెయ్యింటికి సుమారు 4. ఈ లెక్క దేశమునుబట్టి, జాతినిబట్టి పెద్దగా మారదు. భిన్నాండ కవలల సంఖ్య మాత్రము తల్లి వయస్సును, వంశమును, సంతానసాఫల్య చికిత్సలను అనుసరించి హెచ్చుతగ్గులు పొందును. 2021లో ప్రచురితమైన ప్రపంచవ్యాప్త పరిశీలన ప్రకారము 1980ల ప్రాంతమున వెయ్యి ప్రసవములకు 9గా నున్న కవల జననములు నేడు 12కు పెరిగినవి. ఏటేట సుమారు 16 లక్షల జంటలు పుట్టుచున్నవి. అనగా పుట్టు ప్రతి 42 మంది శిశువులలో ఒకరు కవల. తూర్పు గోదావరి జిల్లా రంగంపేట మండలమున దొడ్డిగుంట గ్రామమునకు కవలల ఊరను ప్రఖ్యాతి కలదు. అచటి బావినీటి మహిమ వలననే కవలలు పుట్టుచున్నారని కొందరి విశ్వాసము. త్రాగునీరు అండమును చీల్చుననుటకు శాస్త్రాధారము లేదు. భిన్నాండ కవలలు వంశపారంపర్యముగా కొన్ని కుటుంబములలో అధికముగా పుట్టుట మాత్రము నిశ్చయమైన విషయము.

చిత్రసీమయు ప్రకృతియు ఎట్లు విలోమములో ఇచట స్పష్టమగును. ద్విపాత్రాభినయమున నిజముగా నున్నది ఒక్క మనిషి. అతని నిద్దరిగా నమ్మించుట నటుని శ్రమ. కవలల విషయమున నిజముగా నున్నవారు ఇద్దరు; వారి నొక్కరుగా భావించుట చూపరుల అలసత్వము.

చుక్కలు అవే, ముగ్గు వేరు

ఒకే అండము నుండి పుట్టినవారి జన్యువులు ఒక్కటే గదా, వారిలో భేదమెట్లు కలుగునని పాఠకునికి సందేహము కలుగుట సహజము. ధనుర్మాసపు వేకువలో మన పల్లెవాకిళ్ళను చూచినవారికి ఈ సందేహము తీర్చుట కష్టము కాదు. పదిహేను చుక్కల ముగ్గొకటి ఇద్దరు అక్కచెల్లెండ్రు రెండు వాకిళ్ళలో వేయుచున్నారనుకొనుడు. చుక్కల వరుసలు లెక్క తప్పక ఒక్కటే. నేర్పిన అమ్మమ్మ ఒక్కతెయే. అయినను ఒకతె పిండి కొంచెము ఒత్తుగా జారవిడుచును. ఒకతె మెలిక తిరుగుచోట వ్రేలు కొంచెము ముందుగా త్రిప్పును. ఒక వాకిట కళ్ళాపి ఆరలేదు, ఒక వాకిట చిన్న గులకరాయి అడ్డము వచ్చినది. తొలిమెలికలో వచ్చిన కొద్దిపాటి వంకర తరువాతి మెలికను కొంత మార్చును. ఆ మార్పు దాని తరువాతిదానిని మార్చును. తెల్లవారుసరికి రెండు ముగ్గులును ఒకే పేరుగల ముగ్గులే. అయినను ఒకదానిపై నొకటి మోపినచో సరిపడవు. జన్యువులు చుక్కలు, దేహము ముగ్గు, చుక్కల నడుమ గీత నడిపించునది ఆయా క్షణముల యాదృచ్ఛికత.

వ్రేలిముద్రలు దీనికి ప్రత్యక్షసాక్ష్యము. గర్భస్థితి మూడవ నెలలో వ్రేళ్ళ కొనలపై చర్మము గట్లు కట్టనారంభించి, అయిదవ నెల నాటికి ఆ రేఖలు స్థిరపడును. ఉమ్మనీటి ఒత్తిడి, వ్రేలికొన ఎదిగిన వేగము, శిశువు చేయి దేనిని తాకియుండెనను విషయము, ఇవన్నియు ఆ రేఖల గమనమును కొంత కొంత మలచును. కావున ఏకాండ కవలల వ్రేలిముద్రలు స్థూలాకృతిలో పోలియున్నను సూక్ష్మరేఖలలో భేదించును. వారి కనుపాపల చుట్టునున్న తెరల నకాషీయు అట్లే భేదించును. ఒకే మాయను పంచుకొన్న శిశువులకు రక్తము ఎల్లప్పుడును సమానముగా అందదు. బొడ్డుత్రాడు మాయకు అంటుకొన్న చోటును బట్టి ఒకరికి ఆహారము కొంత యెక్కువ, మరియొకరికి కొంత తక్కువ. పుట్టిననాడు తూచిన బరువులలో కనబడు వ్యత్యాసము తరచుగా నెలల తరబడి సాగిన ఈ విషమవిభాగము యొక్క ఫలితము.

జన్యువులు సైతము అక్షరాల ఒక్కటి కావని ఇటీవల తేలినది. ఐస్‌లాండ్ దేశమున డీకోడ్ సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు 381 జంటల ఏకాండ కవలల జన్యులిపిని ఆద్యంతము చదివి, 2021లో ఫలితములను ప్రకటించిరి. పిండము ఎదుగు తొలిదశలో కణములు చీలునప్పుడు దొరలిన వ్రాతతప్పుల వలన, ఒక కవలకును రెండవ కవలకును నడుమ సగటున 5.2 భేదములు కలవని వారు కనుగొనిరి. కొన్ని జంటలలో భేదమే లేదు. కొన్ని జంటలలో నూటికి మించిన భేదములు కలవు.

పుట్టిన పిదప వయస్సు ఈ అంతరమును పెంచును. స్పెయిన్ దేశమున మనేల్ ఎస్టెల్లర్ బృందము 3 యేండ్ల శిశువులు మొదలు 74 యేండ్ల వృద్ధుల వరకు 40 జంటల ఏకాండ కవలలను పరీక్షించి 2005లో ఒక వ్యాసము ప్రకటించినది. ఏ జన్యువు మేల్కొనవలెను, ఏది నిద్రింపవలెను అని నిర్ణయించు రసాయనిక గుర్తులు కొన్ని జన్యులిపిపై అంటియుండును. బాల్యమున ఉభయుల గుర్తులును దాదాపు ఒక్కటే. వయస్సు పెరిగినకొలది, విశేషించి ఎడబాటుగా బ్రదికినవారిలోను వేర్వేరు జీవనరీతులు అవలంబించినవారిలోను, ఆ గుర్తులు ఎక్కువగా భేదించినవి. ఆహారము, వ్యాయామము, ధూమపానము, వ్యాధులు ఇట్టివి ఆ భేదమునకు దోహదము చేయును.

నిశ్చలచిత్రము దాచునది

ఇన్ని భేదములుండగా ఛాయాచిత్రమున అవి యేల కనబడవు? ఛాయాచిత్రము కాలము నుండి ఒక లిప్తను కోసి తీయును. ఆ లిప్తలో నడక లేదు, మాట లేదు, ఒక భావము నుండి మరియొక భావమునకు ముఖము మారు తీరు లేదు. ఏ గుర్తులచే రాముడు భీముడు కాడని ప్రేక్షకుడు గ్రహించెనో, ఆ గుర్తులలో అధికభాగము కోతలో రాలిపోయినవి. ఫిల్మ్ నగర్ కార్యాలయములలో నటులను ఎంపిక చేయువారు ఈ సంగతి యెరిగినవారు. ఎదుటి ముఖము, ఎడమ పార్శ్వము, కుడి పార్శ్వము, నిలువెత్తు రూపము ఇట్లు పలు చిత్రములు కోరియు వారు తృప్తిపడరు. నటుడు తన్ను తాను పరిచయము చేసికొను చిన్న వీడియోను సైతము పంపుమందురు.

చిత్రము దాచుటయే గాక, లేని భేదములను కల్పించును గూడ. సెల్‌ఫోన్ చేతబట్టి అడుగు దూరము నుండి తీసిన సెల్ఫీలో ముక్కు, 5 అడుగుల దూరము నుండి తీసిన చిత్రములో కంటె, దాదాపు నూటికి 30 వంతులు పెద్దదిగా కనబడునని 2018లో అమెరికా వైద్యులు గణించి చూపిరి. తల్లి భుజమున కానుకొన్న కవల కెమెరాకు జానెడు దగ్గరగాను, వెనుక నిలిచిన కవల దూరముగాను ఉన్నచో, ఒకనికి ముక్కు పెద్దది, ఒకనికి ముఖము గుండ్రమని బంధువులు తీర్పు చెప్పుదురు. అది బిడ్డల భేదము కాదు, దూరముల భేదము. వెలుతురు ఒకప్రక్క నుండి పడినచో గవాక్షమునకు దగ్గరనున్నవాడు తెల్లనివాడు, దూరముననున్నవాడు నల్లనివాడు అగును. కావున నిజమైన పోలికను, నిజమైన భేదమును తెలియగోరువారు ఇద్దరిని కెమెరాకు నాలుగయిదు అడుగుల సమదూరమున, సమానమైన మెత్తని వెలుతురులో నిలిపి తీయవలెను. జూబ్లీ హిల్స్ చెంతనున్న కె.బి.ఆర్. ఉద్యానవనపు చెట్లనీడ, కొండరాళ్ళ ఉత్తరపు వైపు నీడ ఇందుకు చక్కని తావులు.

కాలము ఇచ్చినచో మనిషి కన్ను ఎంత చూడగలదో తెలుపు పరిశోధన యొకటి కలదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున ట్విన్స్‌బర్గ్ అను ఊర ఏటేట కవలల ఉత్సవము జరుగును. నోట్రడామ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు అచట సేకరించిన ఛాయాచిత్రములను జతలుగా చూపి, ఇవి ఒకే వ్యక్తివా, కవలలవా అని సామాన్యులను ప్రశ్నించిరి. రెండు సెకనులు మాత్రమే చూడనిచ్చినప్పుడు నూటికి సుమారు 79 సమాధానములు సరియైనవి. కావలసినంత సేపు చూడనిచ్చినప్పుడు 93 సరియైనవి. ఓపికతో చూచినవారు పుట్టుమచ్చలను, మచ్చలను, ముఖపు రెండు సగముల వైషమ్యమును పట్టుకొనిరి. కవలలు ఒక్కతీరున నున్నారని మనము చెప్పు మాటలో పెద్దభాగము మనము చూచిన రెండు సెకనులది. యంత్రములకును ఈ చిక్కు తప్పలేదు: 2017లో ముఖమును చూచి తెరచుకొను ఐఫోన్‌ను విడుదల చేసినప్పుడే, ఏకాండ కవలల విషయమున పొరబాటు పడు అవకాశము అధికమని దాని నిర్మాతలు ప్రకటించిరి.

పోలిక యనునది కవలల సొత్తు మాత్రము కాదు. ఏ బంధుత్వము లేకయు ఒకరినొకరు పోలియుండు వ్యక్తులను కెనడా దేశీయుడైన ఫ్రాంస్వా బ్రునెల్ అను ఛాయాగ్రాహకుడు ఏండ్ల తరబడి లోకమంతట తిరిగి చిత్రించెను. పైన పేర్కొన్న ఎస్టెల్లర్ బృందము అట్టి 32 జంటలను తీసికొని 2022లో పరీక్షింపగా, ముఖములను పోల్చు మూడు గణకవిధానములును 16 జంటలను ఏకకంఠముగా సమానములని తేల్చినవి. ఆ జంటలకు అనేక జన్యుభేదములు సామాన్యములే. కాని జన్యువులపై అంటిన రసాయనిక గుర్తులలోను, దేహమున నివసించు సూక్ష్మజీవులలోను వారు ఒకరికొకరు వేరైరి. ఫిల్మ్ నగర్‌లో నాయకుని పోలిన డూప్ దొరకుట మాయ కాదు. లోకమున మనుష్యులు కోట్లకొలది; ముఖమును చెక్కు జన్యువుల కూర్పులలో కొన్ని తిరిగి తిరిగి వచ్చును. పోలిక సులభముగా దొరకు వస్తువు, వ్యక్తి దొరకడు.

కవలలకే తమ చిత్రము చిక్కు పెట్టునని రోమునగరపు పరిశోధకులు 2015లో తెలిపిరి. సామాన్యముగా ఎవరికైనను ఇతరుల ముఖముల కంటె తన ముఖము త్వరగా స్ఫురించును. ఏకాండ కవలలకు ఈ ఆధిక్యము లేకుండెను. తన ముఖమును, తోబుట్టువు ముఖమును వారు ఒకే వేగముతో గుర్తించిరి. 'ఇది నేను' అని అద్దము ఇతరుల కిచ్చు సులభమైన హామీ వారికి పూర్తిగా దక్కలేదు. అందువలననే ఒక్కొక్కరిని ఒంటరిగా చిత్రించి, వెనుక పేరును, తేదీని వ్రాసి యుంచుట తలిదండ్రులు చేయదగిన పెద్ద మేలు. ఏండ్లు గడచిన పిదప ఆ బిడ్డ తన బాల్యమును తెలిసికొనుటకు మరియొకరి ఊహపై ఆధారపడరాదు.

బంధము వ్యక్తిత్వమునకు శత్రువా?

వ్యక్తిత్వము కాపాడవలెనన్నచో కవలలను విడదీయవలెనని కొందరును, బంధము కాపాడవలెనన్నచో ఒకే బట్ట, ఒకే బడి, ఒకే బల్ల ఇవ్వవలెనని కొందరును తలంతురు. ఈ రెండు మతములును ఒకే పొరపాటు నుండి పుట్టినవి: బంధము పెరిగినకొలది వ్యక్తి తరుగునను భావన అది.

బంధము పుట్టుకకు ముందే ఆరంభమగును. ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయమున ఉంబెర్టో కాస్తియెల్లో బృందము 5 జంటల గర్భస్థ కవలలను 14వ వారమునను 18వ వారమునను అల్ట్రాసౌండు ద్వారా పరిశీలించి 2010లో ఫలితములను ప్రకటించినది. 14వ వారము నాటికే ఒక శిశువు చేయి రెండవ శిశువు వైపు చాచుచుండెను. 18వ వారము వచ్చుసరికి తన్ను తాను తాకుట తగ్గి, తోడుశిశువును తాకుట పెరిగెను. ఆ స్పర్శలో చేయి మెల్లగా, వేగము తగ్గించుకొనుచు సాగెను. ఎదుట మరియొకరున్నారను ఎరుక వంటిది అప్పుడే చేతి గమనమున వ్యక్తమైనది. వేరైన ఇద్దరు లేనిదే స్పర్శ లేదు. కావున వారి బంధమునకు వారి భేదమే పునాది.

అర్ధశతాబ్ది కాలమున ప్రకటితములైన 2,748 కవల పరిశోధనలను, సుమారు 1 కోటి 45 లక్షల జంటలకు సంబంధించిన వివరములను క్రోడీకరించి 2015లో వెలువడిన సమీక్ష ప్రకారము, మనుష్యుల గుణములలో కనబడు వ్యత్యాసములలో సగటున నూటికి 49 వంతులు వంశపారంపర్యమునకు చెందినవి. ఒకే యింట పెరుగుట వలన కలుగు పోలిక 17 వంతులు. మిగిలిన మూడవ వంతు ఒకే యింట, ఒకే తల్లియొడిలో పెరిగిన కవలలకును వేరువేరు: ఎవరి స్నేహము వారిది, ఎవరి జ్వరము వారిది, ఎవరి చదువు వారిది, ఎవరి అదృష్టము వారిది.

చిత్రకథలు మరియొక నమ్మకమును వ్యాపింపజేసినవి. ఈ.వి.వి. సత్యనారాయణ దర్శకత్వమున 1994లో వచ్చిన 'హలో బ్రదర్'లో అక్కినేని నాగార్జున ధరించిన కవలపాత్రలలో ఒకరికి తగిలిన దెబ్బ మరియొకరికి తెలియును. వినోదమునకు ఇది చక్కని కల్పన. కాని దూరముననున్న కవల బాధ తనకు ఇంద్రియముల సాయము లేక తెలియునని ఏ ప్రయోగమును నిరూపింపలేదు. ఒకరి మాటను మరియొకరు పూర్తిచేయుట, ఒకే క్షణమున ఒకే పాటను ఎత్తుకొనుట మాత్రము నిజము; దానికి ఒకే తీరు మెదడులును, ఏండ్ల తరబడి పంచుకొన్న దినచర్యయు చాలును. తెలుగు తెరపై పోరాటములను కూర్చు ఫైట్ మాస్టర్లు రామ్, లక్ష్మణ్ కవల సోదరులు. కారంచేడు నుండి వచ్చిన ఈ యిద్దరి పేర్లును జంటగానే తెరపై కనబడును. ప్రాణాపాయము పొంచియుండు పోరాటదృశ్యమున ఎదుటివాని అడుగు ఎచట పడునో ముందుగా తెలియుట ఎంతటి ఆస్తియో వేరుగా చెప్పనక్కరలేదు.

మన ఇతిహాసములు ఈ తత్త్వమును ఏనాడో గ్రహించినవి. సుమిత్ర గర్భమున కవలలుగా పుట్టినవారు లక్ష్మణ శత్రుఘ్నులు. అయినను ఒకడు రాముని వెంట అడవికి నడచెను, ఒకడు భరతుని చెంత నిలిచెను. మాద్రీపుత్రులైన నకుల సహదేవులు అరణ్యవాసమునను అజ్ఞాతవాసమునను కలిసియే యుండిరి. అయినను విరటుని కొలువున ఒకడు గుఱ్ఱములను, ఒకడు గోవులను కాచెను. విడిపోయిన కవలల బంధము చెడలేదు. కలిసియున్న కవలల వ్యక్తిత్వము చెడలేదు.

ఆల్బములోని పాత్రలు

తలిదండ్రులు జాగ్రత్తపడవలసిన చోటు ఒకటి మిగిలినది. కవలలను ఒక్కరుగా చూచుట ఒక దోషమైనచో, వారిని అవసరమునకు మించి వేరుచేయుట రెండవ దోషము. కథారచయితకు వైరుధ్యము కావలెను. అందుచే ఒకనిని పిరికివాడుగను, ఒకనిని దుడుకువాడుగను తీర్చును. ఇంటిలోను ఇదియే జరుగును. ఒక బిడ్డ ఒక గడియ ముందు మాటలాడినచో 'వీడు మాటకారి' యనియు, రెండవవాడు 'నెమ్మదస్తుడు' అనియు పాత్రలు పంచబడును. తమ కవలల స్వభావములను గూర్చి తలిదండ్రులు చెప్పు వర్ణనలలో, ఒకరి పక్కన ఒకరిని నిలిపి పోల్చుట వలన భేదములు ఉన్నవానికంటె పెద్దవిగా కనబడుచుండునని మనోవైజ్ఞానికులు చిరకాలముగా గమనించియున్నారు. పోల్చుటకు మరియొకడు ఎల్లవేళల ప్రక్కనే యుండుట వలన కలుగు దృష్టిదోషమిది.

కెమెరా ఈ దోషమునకు సాధనము కావచ్చును. వంద చిత్రములు తీసి పదింటిని ఆల్బములో చేర్చునప్పుడు, మాటకారి నవ్వుచున్నవియు నెమ్మదస్తుడు ఆలోచించుచున్నవియు ఏరుకొని, మాటకారి కంటతడితో కూర్చున్నదానిని, నెమ్మదస్తుడు చిందులు త్రొక్కుచున్నదానిని మన ఎరుక లేకయే త్రోసివేయుదుము. ఏండ్లు గడచినకొలది ఆ ఆల్బము సాక్ష్యమగును; బిడ్డలు అందు తమ పాత్రలను చదువుకొని అట్లే నటింప నారంభింతురు. కావున త్రోసివేసిన చిత్రములను తిరిగి చూడుడు. మీరు వ్రాసికొన్న పాత్రకు విరుద్ధముగా బిడ్డ కనబడిన ప్రతి చిత్రమును భద్రపరచుడు. అందు ఆ బిడ్డ మీ కథలో నుండి బయటికి వచ్చి తానుగా నిలిచియున్నాడు. అప్పుడప్పుడు కెమెరాను వారి చేతికే ఇండు. ఒకడు రెండవవానిని ఏ కోణము నుండి చూచుచున్నాడో, ఏ క్షణము దాచదగినదని తలంచుచున్నాడో ఆ చిత్రములు తెలుపును. వారిద్దరి వ్యక్తిత్వమును వారిద్దరి బంధమును ఏకకాలమున చూపగల చిత్రములు అవి మాత్రమే. ఏలన, చూచువాడును చూడబడువాడును అందు ఇద్దరే.